మన టౌన్‌లో అఫర్డబుల్ ఇళ్లు: మీ ప్రశ్నలకు జవాబులు

న్యూజెర్సీ, మసాచుసెట్స్, టెక్సస్ శివారు టౌన్లలో ఉంటున్న తెలుగువాళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలివి. ఇంటి వెనక అఫర్డబుల్ అపార్ట్‌మెంట్లు, అంటే ఆదాయ పరిమితి లోపున్నవాళ్లకు మార్కెట్ కంటే తక్కువకు ఇచ్చేవి, లేస్తున్నాయని కంగారుపడేవాళ్లు రాశారు, అలాంటి ఇంటి కోసమే ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లూ రాశారు. ఇద్దరికీ వర్తించేవి అవే చట్టాలు. ఒకరికిచ్చిన జవాబు రెండోవాళ్లు కూడా చదివితే మంచిది.

ప్రశ్న: మా ఇళ్ల వెనక ఖాళీ స్థలంలో 350 అపార్ట్‌మెంట్లు కడతారట. వాటిలో 70 తక్కువ ఆదాయం వాళ్లకట. టౌన్‌వాళ్లను అడిగితే ‘కోర్టు చెప్పింది, మా చేతుల్లో లేదు’ అంటున్నారు. నిజమేనా? ఎంతో కొంత డబ్బు కట్టి ఇంకో ఊళ్లో కట్టించమని చెప్పలేమా?
— సోమర్సెట్ కౌంటీ, న్యూజెర్సీ

జవాబు: సగమే నిజం. ఎన్ని ఇళ్లకు చోటు ఇవ్వాలన్నది టౌన్ చేతుల్లో లేదు. అవి ఎక్కడ రావాలి, ఏ రూపంలో రావాలి అన్నది మాత్రం, గడువులోగా ప్లాన్ వేసుకున్న టౌన్‌కు చాలావరకు తన చేతుల్లోనే ఉంటుంది.

1975లో మౌంట్ లారెల్ టౌన్‌షిప్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తేల్చిన విషయం ఇది: పెద్ద స్థలాల్లో పెద్ద ఇళ్లు తప్ప మరేదీ కట్టనివ్వని జోనింగ్‌తో (ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే టౌన్ నియమాలతో) పేద కుటుంబాలను ఊరి బయటే ఉంచడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధం. ఎదుగుతున్న ప్రతి టౌనూ తన ప్రాంతపు అవసరంలో న్యాయమైన వాటా మోయాలి. ఆ పోరాటంలో ముందు నిలబడిన ఎథెల్ లారెన్స్ బయటి మనిషి కాదు, తరతరాలుగా ఆ ఊళ్లోనే ఉన్న నల్లజాతి కుటుంబానికి చెందినావిడ. తీర్పు వచ్చినా టౌన్లు కదలకపోవడంతో 1983లో అదే కోర్టు బిల్డర్లకు ఒక హక్కు ఇచ్చింది. వాటా తీర్చని టౌన్ మీద బిల్డర్ కేసు గెలిచి, తన ప్రాజెక్టులో గణనీయమైన భాగాన్ని, మామూలుగా 20 శాతాన్ని, అఫర్డబుల్‌గా ఇస్తానంటే, స్థలం అనువైనదైతే, టౌన్ జోనింగ్ అడ్డు రాదు. దీన్నే ‘బిల్డర్స్ రెమెడీ’ అంటారు.

1985లో రాష్ట్ర చట్టం వచ్చింది, ఒక కౌన్సిల్ వచ్చింది. ఆ కౌన్సిల్ నియమాలే కోర్టుల్లో చిక్కుకుని ఏళ్లు గడిచాయి. 2015లో కోర్టులే మళ్లీ పగ్గాలు పట్టుకున్నాయి. 2024 మార్చి చట్టం ఆ కౌన్సిల్‌ను రద్దు చేసి, వాటా లెక్కకు ఒక పద్ధతి పెట్టింది. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో విడత, 2025 నుంచి 2035 దాకా. తన సంఖ్యను ఒప్పుకుంటూ టౌన్ తీర్మానం చేయడానికి 2025 జనవరి 31, హౌసింగ్ ప్లాన్ దాఖలుకు 2025 జూన్ 30, దానికి తగ్గట్టు జోనింగ్ మార్పులకు 2026 మార్చి 15 గడువులు. వీటిని పాటించిన టౌన్‌కు బిల్డర్ల కేసుల నుంచి రక్షణ ఉంటుంది.

ఇక 350 ఎందుకన్నది. డెబ్బైని 20 శాతంతో భాగించండి, 350 వస్తుంది. మార్కెట్ ధరకు ఇచ్చే 280 ఇళ్ల ఆదాయంతో 70 ఇళ్ల నష్టాన్ని బిల్డర్ పూడ్చుకుంటాడు. ప్రభుత్వం పైసా పెట్టనక్కర్లేదు కాబట్టి టౌన్లకు ఇది సులువైన దారి. కానీ ఒక టౌన్ వాటా 200 ఇళ్లనుకుంటే, అంతా ఈ దారిలోనే వెళ్తే వెయ్యి ఇళ్లు కట్టాల్సి వస్తుంది. మీరు భయపడుతున్న రద్దీలో ఎక్కువ భాగం మార్కెట్ ఇళ్లదే.

వేరే దారులున్నాయి. టౌన్ తన సొంత స్థలాన్ని లాభాపేక్ష లేని సంస్థకు ఇస్తే, ఫెడరల్ టాక్స్ క్రెడిట్‌తో (తక్కువ ఆదాయం వాళ్లకు ఇళ్లు కట్టేవాళ్లకిచ్చే పన్ను రాయితీతో) 70 ఇళ్లకు 70 మాత్రమే కట్టవచ్చు. అఫర్డబుల్ గడువు ముగియబోతున్న పాత యూనిట్లకు ఆ గడువు పొడిగించవచ్చు. వాటాలో 30 శాతం దాకా వృద్ధులకు మాత్రమే కేటాయించవచ్చు. వికలాంగులకు గ్రూప్ హోములు కూడా లెక్కలోకి వస్తాయి. వీటికి టౌన్ ముందుగా స్థలం చూసుకోవాలి, డబ్బు కూడగట్టాలి, ఓపిక పట్టాలి. పదేళ్లు లాయర్లకు కట్టి చివరికి బిల్డర్ చెప్పిన చోట సంతకం పెట్టిన టౌన్లకు ఈ దారులన్నీ మూసుకుపోయాయి.

డబ్బు కట్టి తప్పించుకోవడం ఒకప్పుడు ఉండేది. వాటాలో సగం దాకా పేద నగరాలకు డబ్బుతో సహా బదిలీ చేసేవాళ్లు. 2008లో చట్టం దాన్ని తీసేసింది. తీసేయడమే న్యాయమని మా అభిప్రాయం. పేదరికం ఉన్నచోటే ఇంకొన్ని పేద ఇళ్లు కట్టడానికి కాదు కదా ఆ తీర్పు వచ్చింది.

మీరు చేయగలిగింది: టౌన్ వెబ్‌సైట్‌లో ‘హౌసింగ్ ఎలిమెంట్ అండ్ ఫెయిర్ షేర్ ప్లాన్’ అనే పత్రం ఉంటుంది. మీ వెనక స్థలం అందులో ఉందా, ఎన్ని ఇళ్లకు అని చూడండి. ప్లానింగ్ బోర్డు విచారణలో వాన నీరు ఎటు పోతుంది, ఫైరింజన్ తిరిగే వెడల్పు ఉందా, బస్‌స్టాప్‌కు ఫుట్‌పాత్ ఉందా, అఫర్డబుల్ యూనిట్లను ఒక మూలకు నెట్టారా లేక అన్ని బిల్డింగుల్లో కలిపారా అని అడగండి. ఇవి బోర్డు రికార్డులోకి ఎక్కుతాయి, ప్లాన్‌ను మారుస్తాయి. ‘అలాంటి మనుషులు మాకొద్దు’ అన్న మాట కూడా రికార్డులోకి ఎక్కుతుంది. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద కేసు పడితే అదే టౌన్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది.

ప్రశ్న: ఇవి వస్తే మా ఇళ్ల ధరలు పడిపోవా? స్కూళ్ల సంగతేమిటి?
— మిడిల్‌సెక్స్ కౌంటీ, న్యూజెర్సీ

జవాబు: మౌంట్ లారెల్‌లోనే ఎథెల్ లారెన్స్ పేరు మీద కట్టిన ఇళ్లలోకి 2000 చివర్లో మొదటి కుటుంబాలు వచ్చాయి. రెండు దశల్లో మొత్తం 140 ఇళ్లు. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాస్సీ బృందం అక్కడి నేరాలు, ఇళ్ల ధరలు, పన్నులను ఆ చుట్టుపక్కల అలాంటివే అయిన టౌన్లతో పోల్చింది. ఈ ఇళ్ల వల్ల పడిన ప్రభావమేదీ కనిపించలేదని 2013లో ప్రచురించింది.

వేరే ఫలితం చూపిన అధ్యయనమూ ఉంది, దాన్ని దాచకూడదు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన రెబెక్కా డైమండ్, టిమ్ మెక్‌క్వేడ్ దేశవ్యాప్తంగా టాక్స్ క్రెడిట్ బిల్డింగులను పరిశీలించారు. పేద పేటల్లో అలాంటి బిల్డింగు వస్తే పక్కన ఇళ్ల ధర 6.5 శాతం పెరిగింది. మైనారిటీలు తక్కువగా ఉన్న సంపన్న ప్రాంతాల్లో 2.5 శాతం దాకా తగ్గింది. అదీ మైలులో పదో వంతు దూరం లోపలే. ధర పడిపోతుందని భయపడే పెద్ద సంఖ్యలతో పోలిస్తే ఇది చిన్నది. అయినా గోడకు ఆనుకుని ఉన్న ఇంటివాళ్లకు అది నిజమైన డబ్బే. మంచి డిజైను, మంచి నిర్వహణ కావాలని వాళ్లు పట్టుబట్టడంలో తప్పు లేదు.

స్కూళ్ల విషయంలో అడగాల్సిన అసలు ప్రశ్న పన్నులది. ఇలాంటి బిల్డింగులు చాలాసార్లు ఆస్తిపన్నుకు బదులు ‘పైలట్’ ఒప్పందం కింద ఏటా కొంత మొత్తం కడతాయి. న్యూజెర్సీలో దీర్ఘకాల మినహాయింపు చట్టం ప్రకారం అందులో 95 శాతం టౌన్‌కు, 5 శాతం కౌంటీకి పోతుంది. స్కూల్ డిస్ట్రిక్ట్‌కు తనంతట తానుగా ఏమీ రాదు. టౌన్ కౌన్సిల్ ఇష్టపడి ఇస్తేనే వస్తుంది. ఆ ఒప్పందం ఓటుకు వచ్చిన రోజున, స్కూలుకు ఎంత ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. బిల్డింగు పూర్తయ్యాక అడిగితే లాభం లేదు.

ప్రశ్న: ‘లో ఇన్‌కమ్’ అంటే ఎంత? మా అన్నయ్యది నలుగురి కుటుంబం, ఒక్కడి జీతం. అర్హత ఉంటుందా? అద్దె ఎంత పడుతుంది?
— ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో ఎంత శాతం అన్నదే లెక్క. న్యూజెర్సీలో 30 శాతం లోపు ‘వెరీ లో’, 50 లోపు ‘లో’, 80 లోపు ‘మోడరేట్’. మూలసంఖ్య నలుగురి కుటుంబానిది. ఒక్కరైతే అందులో 70 శాతం, ఇద్దరైతే 80, ముగ్గురైతే 90, అయిదుగురైతే 108, ఆరుగురైతే 116. రాష్ట్రాన్ని ఆరు ప్రాంతాలుగా విడగొట్టారు. మీ మిడిల్‌సెక్స్, సోమర్సెట్, హంటర్‌డన్ కౌంటీలు కలిసిన ప్రాంతంలో నలుగురి కుటుంబానికి ‘మోడరేట్’ గీత లక్ష డాలర్లు దాటిపోయింది. అంటే టీచర్లు, నర్సులు, కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒక్కడి జీతం మీద నడిచే కుటుంబాలు కూడా ఇందులోకి వస్తాయి. మీ అన్నయ్యగారు తప్పకుండా లెక్క చూసుకోవాలి. చూడాల్సింది చేతికొచ్చే జీతం కాదు, కోతలకు ముందు జీతం. ఓవర్‌టైమ్, బోనస్, వడ్డీ, పద్దెనిమిదేళ్లు దాటినవాళ్ల సంపాదన అన్నీ కలుస్తాయి.

అద్దె దగ్గర చాలామంది పొరబడతారు. ‘ఆదాయంలో 30 శాతమే కదా’ అనుకుంటారు. అది వోచర్ (అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సెక్షన్ 8 సాయం) విషయంలో నిజం, టాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్‌లో కాదు. 1986 నుంచి ఉన్న ఈ పథకంలో అద్దె మీ ఆదాయాన్ని బట్టి కాక గీతను బట్టి ఉంటుంది. ఉదాహరణకు మధ్యస్థ ఆదాయం 1,20,000 డాలర్లనుకోండి. రెండు బెడ్‌రూములకు ముగ్గురని లెక్క వేస్తారు, బెడ్‌రూముకు ఒకటిన్నర మనిషి చొప్పున. ముగ్గురికి 1,08,000. అందులో 60 శాతం 64,800. నెలకు 5,400. దానిలో 30 శాతం 1,620. కరెంటు, గ్యాస్ మీరే కట్టుకుంటే దానికి కొంత తగ్గిస్తారు. ఏడాదికి 62,000 వచ్చే కుటుంబానికి ఇది సరిపోతుంది. 40,000 వచ్చే కుటుంబానికి అదే 1,620 జీతంలో దాదాపు సగం. అర్హత ఉంది, కట్టే శక్తి లేదు. అందుకే దరఖాస్తు చేసేటప్పుడు ఆ యూనిట్ ఎంత శాతం గీతది అని అడగాలి. అదే బిల్డింగులో 30, 50, 60 శాతం యూనిట్లు కలిసి ఉండొచ్చు.

చేరాక జీతం పెరిగితే బయటికి పంపిస్తారేమోనని కొందరు ప్రమోషన్ వద్దనుకుంటున్నారట. అలా చేయకండి. టాక్స్ క్రెడిట్ ఇంట్లో ఆదాయం గీతకు 140 శాతం దాటినా మిమ్మల్ని ఖాళీ చేయించరు. ఆ బిల్డింగులో తర్వాత ఖాళీ అయ్యే యూనిట్‌ను తక్కువ ఆదాయం వాళ్లకు ఇవ్వాలి, అంతే.

ప్రశ్న: నలుగురం ఎంఎస్ చదువుతున్నాం. డాలస్ శివార్లో మంచి కొత్త అపార్ట్‌మెంట్, అద్దె తక్కువ. మా ఆదాయం దాదాపు సున్నా అయినా కుదరదన్నారు. ఎందుకని?

జవాబు: అది టాక్స్ క్రెడిట్ బిల్డింగు అయి ఉంటుంది. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఆ ఇల్లు ఇవ్వకూడదని చట్టం. ఒక్కరైనా ఫుల్‌టైమ్ విద్యార్థి కానివాళ్లుంటే ఇబ్బంది లేదు. పిల్లలతో ఉన్న ఒంటరి తల్లి లేదా తండ్రికి, పన్ను రిటర్న్ కలిపి దాఖలు చేసే హక్కున్న దంపతులకు మినహాయింపు ఉంది. పన్ను దృష్టిలో నాన్‌రెసిడెంట్ అయినవాళ్లకు ఆ హక్కు సులువుగా రాదు.

మన పిల్లలు తరచూ చిక్కుకునేది ఇంకో చోట. ఆ క్యాలెండర్ సంవత్సరంలో ఏ అయిదు నెలలైనా ఫుల్‌టైమ్ చదివితే ఆ ఏడాదంతా విద్యార్థి కిందే లెక్క. మే నెలలో పట్టా పుచ్చుకుని జూన్‌లో ఉద్యోగంలో చేరినా డిసెంబరు దాకా విద్యార్థే. ఫారంలో ‘కాదు’ అని టిక్కు పెడితే ఆడిట్‌లో బయటపడుతుంది. ఓనరు పన్ను రాయితీ పోగొట్టుకుంటాడు, మీరు ఇల్లు పోగొట్టుకుంటారు.

ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నాం. సెక్షన్ 8కి అప్లై చేయొచ్చా? గ్రీన్‌కార్డుకు దెబ్బ తగులుతుందా?

జవాబు: సెక్షన్ 8 వోచరు, పబ్లిక్ హౌసింగ్ హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వాళ్లకు రావు. పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్లకు, శరణార్థుల్లాంటి కొన్ని వర్గాలకే. ఇంట్లో పిల్లవాడు ఇక్కడ పుట్టిన పౌరుడైతే, అర్హులున్న నిష్పత్తిలో సాయం తగ్గించి ఇచ్చే పద్ధతి ఉంది. టాక్స్ క్రెడిట్ చట్టంలో పౌరసత్వ షరతు లేదు. న్యూజెర్సీ టౌన్ల అఫర్డబుల్ యూనిట్లలో ప్రధానంగా చూసేది ఆదాయం, కుటుంబ సభ్యుల సంఖ్య.

‘పబ్లిక్ చార్జ్’ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారని గ్రీన్‌కార్డు కాదనే నియమం) సంగతి: 2020లో అమల్లోకి వచ్చిన నియమం సెక్షన్ 8ను, పబ్లిక్ హౌసింగ్‌ను లెక్కలోకి తీసుకుంది. 2021లో అది పోయింది. 2022 నియమం ఇంటి సాయాన్ని లెక్కించలేదు. టాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్ ఆ కఠినమైన నియమంలో కూడా లేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ గీత కదులుతోంది కాబట్టి, గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తున్న కుటుంబం ఫెడరల్ సాయం మీద సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి.

ప్రశ్న: అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు వచ్చింది, ఇద్దరికీ డెబ్బై దాటాయి. మా టౌన్‌లోనే సీనియర్ అపార్ట్‌మెంట్స్ ఉన్నాయి. మా ఆదాయం అడ్డొస్తుందా?
— న్యూజెర్సీ

జవాబు: ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ల ఆదాయమే చూస్తారు, మీది కాదు. అయితే నెలనెలా మీరు వాళ్ల ఖాతాలో డబ్బు వేస్తుంటే అది వాళ్ల ఆదాయం. వృద్ధుల ఇళ్లకు ఫెడరల్ సాయమిచ్చే సెక్షన్ 202 కింద కట్టినవైతే 62 ఏళ్లు నిండాలి, ఆదాయం 50 శాతం గీత లోపుండాలి, అద్దె సవరించిన ఆదాయంలో 30 శాతం.

మన పెద్దవాళ్ల దరఖాస్తులు చిక్కుల్లో పడేది ఇండియా ఆస్తుల దగ్గర. పొలం, ఇల్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏ దేశంలో ఉన్నా చూపించాలి. ‘అప్లై చేసేముందు ఊళ్లో ఇల్లు తమ్ముడి పేర రాసేద్దాం’ అనుకుంటారు. మార్కెట్ విలువ కంటే తక్కువకు ఇచ్చిన ఆస్తిని, ఇచ్చిన రోజు నుంచి రెండేళ్ల దాకా ఇంకా వాళ్లదే అన్నట్టు లెక్కిస్తారు. సెక్షన్ 8 సాయమున్న చోట్ల 2016 చట్టం ఆస్తులకే ఒక హద్దు పెట్టింది. నికర ఆస్తి లక్ష డాలర్లు దాటితే కొత్తగా చేర్చుకోకూడదు. ఆ అంకె ధరలను బట్టి ఏటా కొంచెం మారుతుంది. వెయిటింగ్ లిస్టు ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి ఒక్క బిల్డింగుతో ఆగకుండా అయిదారు చోట్ల పేరు ఇవ్వండి. అడ్రసు మారితే ప్రతిచోటా రాతపూర్వకంగా చెప్పండి. లిస్టు నుంచి పేరు పోవడానికి జవాబు రాని ఒక్క ఉత్తరం చాలు.

ప్రశ్న: ఇంకో టౌన్‌హౌస్ కొని అద్దెకిస్తున్నాం. సెక్షన్ 8 వోచరు ఉన్నావిడ అడిగారు. కాదనవచ్చా?
— న్యూజెర్సీ

జవాబు: వోచరు ఉందన్న కారణంతో కాదనకూడదు. అద్దె డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది చూసి వివక్ష చూపడం న్యూజెర్సీ చట్టం ప్రకారం జరిమానా పడే తప్పు. ‘నో సెక్షన్ 8’ అని ప్రకటనలో రాయడమే ఉల్లంఘన. జీతం అద్దెకు మూడు రెట్లుండాలన్న షరతు మీకుంటే, అది ఆవిడ కట్టే వాటాకే వర్తింపజేయాలి. పాత ఓనర్ల అభిప్రాయం, అద్దె సరిగా కట్టిన చరిత్ర అందరిదీ చూసినట్టే చూడవచ్చు. నేరచరిత్ర గురించి షరతులతో ఇల్లు ఇస్తామన్న తర్వాతే అడగాలి, ఇది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది.

పని ఇలా నడుస్తుంది. ఆవిడ తెచ్చిన టెనెన్సీ అప్రూవల్ ఫారం నింపి ఇవ్వాలి. హౌసింగ్ ఏజెన్సీ మీ అద్దెను చుట్టుపక్కల అద్దెలతో పోల్చి చూస్తుంది, తర్వాత ఇన్‌స్పెక్షన్. అది పాసై ఒప్పందం మొదలైన తేదీ నుంచే వాళ్ల వాటా వస్తుంది. పాసవకముందే తాళాలిస్తే ఆ రోజుల డబ్బు రాదు. ఇన్‌స్పెక్షన్ పోయేది ఎక్కువగా చిన్నవాటితోనే: పనిచేయని స్మోక్ డిటెక్టర్, సింకు దగ్గర జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపే ఏర్పాటు) లేని ప్లగ్గు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ మెట్లున్నా పట్టుకోవడానికి రెయిలింగ్ లేకపోవడం, గడియ పడని కిటికీ, 1978కి ముందు కట్టిన ఇంట్లో పెచ్చులూడుతున్న పెయింటు. ప్రాణాపాయం ఉన్న లోపాన్ని 24 గంటల్లో, మిగతావి 30 రోజుల్లో సరిచేయాలి.

అన్నిటికంటే ముఖ్యం: ఒప్పందంలో ఉన్న అద్దెకు మించి చేతికి నగదు తీసుకోకండి. ‘ఆవిడే ఇస్తానంది’ అన్నది సమాధానం కాదు. అది మోసం కిందికి వస్తుంది, ఆవిడ వోచరు కూడా పోతుంది.

ప్రశ్న: నాకు వోచరు వచ్చింది, బాబుకు తొమ్మిదేళ్లు. డాలస్ శివార్లలో మంచి స్కూలున్న చోటుకు మారాలనుంది. ఎవరూ ఒప్పుకోవడం లేదు.

జవాబు: మారండి, త్వరగా మారండి. 1990లలో అయిదు నగరాల్లో వోచర్లు లాటరీ పద్ధతిలో ఇచ్చి చూసిన ప్రయోగాన్ని రాజ్ చెట్టి, ఆయన సహ పరిశోధకులు తర్వాత మళ్లీ లెక్క తీశారు. పదమూడేళ్ల లోపు తక్కువ పేదరికమున్న చోటుకు మారిన పిల్లల సంపాదన, ఇరవైల మధ్యకు వచ్చేసరికి, మారే అవకాశం రాని పిల్లల కంటే 31 శాతం ఎక్కువగా ఉంది. పదమూడు దాటాక మారినవాళ్లలో ఆ లాభం కనిపించలేదు. మీ బాబుకు ఇంకా సమయముంది.

డాలస్ ప్రాంతంలో 2011 నుంచి వోచరు పరిమితిని జిప్‌కోడ్ వారీగా వేస్తున్నారు. అద్దెలెక్కువున్న శివారులో పరిమితీ ఎక్కువే. మీరు చూస్తున్న ప్రతి జిప్‌కోడ్‌కూ పరిమితి ఎంతో ఏజెన్సీని అడిగి రాసుకోండి. లెక్క ఇలా: మీ సవరించిన నెల ఆదాయం 2,000 అయితే మీ వాటా 600. పరిమితి 2,400 ఉండి, కరెంటు, గ్యాస్ ఖర్చుతో కలిపి అద్దె 2,600 అయితే పైన 200 మీరే కట్టాలి, మొత్తం 800. అది ఆదాయంలో సరిగ్గా 40 శాతం. కొత్తగా చేరేటప్పుడు 40 దాటితే ఏజెన్సీ ఒప్పుకోదు. అంటే 2,700 ఇల్లు మీకు కుదరదు, దాని వెనక తిరిగి రోజులు పోగొట్టుకోకండి.

టెక్సస్‌లో వోచరు కాదన్న ఓనరును ఆపే చట్టం లేదు. నగరాలు అలాంటి చట్టం చేయకుండా 2015లో రాష్ట్రమే అడ్డుకుంది. ఇది చాలా కుటుంబాలను దెబ్బతీసిన నిర్ణయం. అయితే టాక్స్ క్రెడిట్‌తో కట్టిన బిల్డింగులు వోచరు ఉందని కాదనకూడదు, అది ఫెడరల్ నియమం. కాబట్టి ముందు ఆ శివార్లలోని టాక్స్ క్రెడిట్ బిల్డింగుల జాబితా తీసుకుని వరసగా ఫోన్ చేయండి. వెతకడానికి కనీసం 60 రోజులిస్తారు. అది ముగియకముందే పొడిగింపు రాతపూర్వకంగా కోరండి. ఇప్పటిదాకా ఎవరెవరిని అడిగారో తేదీలతో జతచేయండి. సియాటిల్, కింగ్ కౌంటీలో ఇల్లు వెతకడంలో, ఓనర్లతో మాట్లాడడంలో, డిపాజిట్‌లో సాయం చేస్తే మంచి అవకాశాలున్న పేటలకు వెళ్లిన కుటుంబాలు 15 శాతం నుంచి 53 శాతానికి చేరాయి. అలాంటి మొబిలిటీ కౌన్సెలింగ్ మీ ఏజెన్సీలో ఉందేమో కనుక్కోండి.

ప్రశ్న: మా టౌన్‌లో 40బి ప్రాజెక్టు అంటున్నారు. నాలుగింట ఒకటే అఫర్డబుల్, కానీ అద్దె ఇళ్లన్నిటినీ కోటాలో లెక్కేస్తారట. ఇదేం లెక్క?
— బోస్టన్ శివారు

జవాబు: 40బి అంటే మసాచుసెట్స్ 1969 చట్టం. దాని ప్రకారం టౌన్‌లోని ఏడాది పొడవునా నివాసమున్న ఇళ్లలో 10 శాతం సబ్సిడీ జాబితాలో లేకపోతే, బిల్డర్ విడివిడి అనుమతులకు బదులు జోనింగ్ అప్పీల్స్ బోర్డు నుంచి ఒకే సమగ్ర అనుమతి కోరవచ్చు. 25 శాతం ఇళ్లు 80 శాతం గీత వాళ్లకు, లేదా 20 శాతం ఇళ్లు 50 శాతం గీత వాళ్లకు ఇవ్వాలి. అద్దె ప్రాజెక్టయితే మొత్తం జాబితాకెక్కుతుంది. టౌన్లు అద్దె ఇళ్లను రానివ్వాలన్నది అందులో ఉద్దేశం. దానివల్ల 10 శాతం దాటిన టౌన్‌లో నిజంగా అందుబాటు ఇళ్లు అంతకంటే చాలా తక్కువ ఉంటాయన్న మీ అనుమానం సరైనదే.

విచారణ 180 రోజుల్లో ముగించాలి, తర్వాత 40 రోజుల్లో నిర్ణయం. ‘చాలా పెద్దది’ అన్న అభ్యంతరం రాష్ట్ర అప్పీల్ కమిటీ ముందు నిలబడదు. మురుగునీటి సామర్థ్యం, వరద, అగ్నిమాపక దారి లాంటివి ఇంజనీరు నివేదికతో ఉంటే నిలబడతాయి. బిల్డర్ లాభానికి కూడా హద్దుంది, అమ్మకం ఇళ్లయితే 20 శాతం. ఆ లెక్కల తుది ఆడిట్‌ను టౌన్ అడిగి తెప్పించుకోవాలి. సొంత ప్లాన్ ఆమోదింపజేసుకుని ఏడాదిలో తన ఇళ్లలో అర శాతం మేర అఫర్డబుల్‌గా అనుమతించిన టౌన్‌కు ఏడాది పాటు, ఒక శాతమైతే రెండేళ్ల పాటు కాదనే అధికారం వస్తుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో అఫర్డబుల్ కాండో లాటరీ తగిలింది. కొనాలా? రెండేళ్ల తర్వాత ఉద్యోగం మారితే అద్దెకిచ్చి వెళ్లిపోవచ్చా?

జవాబు: అద్దెకివ్వలేరు. అదే మీ సొంత నివాసంగా ఉండాలని దస్తావేజులోనే రాసి ఉంటుంది, ఆ షరతు కనీసం 30 ఏళ్లు. అమ్ముకోవచ్చు, కానీ ధర ప్రాంతపు మధ్యస్థ ఆదాయం పెరిగినంతే పెరుగుతుంది. పక్క మార్కెట్ కాండో రెట్టింపైనా మీకు సంబంధం లేదు. కొనేవాళ్లు కూడా ఆదాయ గీత లోపలివాళ్లే అయి ఉండాలి. రీఫైనాన్స్‌కూ, ఇంటి మీద రెండో అప్పుకూ టౌన్ నియమించిన అడ్మినిస్ట్రేటివ్ ఏజెంట్ అనుమతి తీసుకోవాలి. చాలా పాత యూనిట్లలో గడువు ముగిశాక మార్కెట్ ధరకు అమ్మితే తేడాలో 95 శాతం టౌన్‌కు పోయే షరతు ఉంటుంది. మీది ఏ కాలం దస్తావేజో లాయరుతో చదివించండి. ఆస్తిపన్ను మదింపులో ఈ ఆంక్షలను పరిగణించాలి. మొదటి బిల్లులో మార్కెట్ విలువ కనిపిస్తే అప్పీలు చేయండి.

కాబట్టి పదేళ్లు ఆ ఊళ్లోనే ఉండి పిల్లల్ని చదివించుకోవాలనుకుంటే ఇది చాలా మంచి ఇల్లు. రెండేళ్లలో లాభానికి అమ్మాలనుకుంటే వదిలేయండి, లిస్టులో వెనకున్న కుటుంబానికి ఆ అవకాశం వెళ్తుంది.

కొనాలనే నిర్ణయించుకుంటే ఇప్పుడు చేయాల్సినవి: చివరి మూడేళ్ల పన్ను రిటర్నులు, వరసగా నాలుగు పే స్టబ్బులు, అన్ని ఖాతాల ఆరునెలల స్టేట్‌మెంట్లు సిద్ధం చేసుకోండి. ఏజెంట్ అడిగేవి ఇంచుమించు ఇవే. ఖాతాలోకి వచ్చిన పెద్ద మొత్తం ఏదైనా ఉంటే ఎక్కడిదో ఒక కాగితం రాసి జతచేయండి, వివరణ లేని డిపాజిట్ దగ్గర చాలా ఫైళ్లు ఆగిపోతాయి. దరఖాస్తు వేసిన నాటికీ తనిఖీ నాటికీ మధ్య భార్యకో భర్తకో కొత్త ఉద్యోగం వస్తే వెంటనే చెప్పండి, తనిఖీ నాటి ఆదాయమే లెక్క. ఆంక్షలున్న ఇళ్లకు అప్పిచ్చే బ్యాంకులు కొన్నే. ఏజెంట్ దగ్గర ఆ జాబితా ఉంటుంది, మీ పాత బ్యాంకు దగ్గర నెల రోజులు పోగొట్టుకోకముందే అడిగి తీసుకోండి.